ధర్మపురి సీమ: భూమి, చరిత్ర, ప్రజాజీవితము

తెలుగుదేశమున ధర్మపురి యన్నచో అందరికిని ముందుగా గోదావరీ తీరమందలి లక్ష్మీనరసింహ క్షేత్రమే స్ఫురించును. నరసింహ శతకమును రచించిన శేషప్ప కవి నివసించిన ఊరది. మనము నివసించు ధర్మపురి వేఱు. ఇది కావేరికిని దక్షిణ పినాకినికిని నడుమ నున్న మెట్టసీమ. ఇచ్చట తరతరములుగా కాపురమున్న తెలుగు ఇండ్లలో పిల్లలు "మనది ఏ ఊరు?" అని అడిగినచో పెద్దలు ఉత్తరపు దిక్కు చూపుదురు. ఆ సమాధానము సగము మాత్రమే సత్యము. ఈ నేల కథలో మన పాలు ఎంత కలదో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2వ తేదీన సేలం జిల్లానుండి వేఱుపడి ఏర్పడినది. 2004 ఫిబ్రవరి 9న దీని ఉత్తరభాగము కృష్ణగిరి జిల్లా అయ్యెను. మిగిలిన జిల్లా వైశాల్యము సుమారు 4,497 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారము ప్రజలు 15,06,843. ఉత్తరమున కృష్ణగిరి, తూర్పున తిరువణ్ణామలై, కళ్ళకురిచ్చి జిల్లాలు, దక్షిణమున సేలం, పడమట కర్ణాటక రాష్ట్రము దీని ఎల్లలు.

పడమట కావేరి హొగెనకల్ వద్ద బండల నడుమ దుముకును. కన్నడమున "హొగె" యనగా పొగ, "కల్" యనగా రాయి. తుంపరలు పొగవలె లేచుటచే ఆ పేరు కలిగెను. హొగె, పొగ అక్కచెల్లెండ్రవంటి మాటలని మనవారికి వేఱుగ చెప్పనక్కరలేదు. తూర్పుభాగమున ప్రవహించు తెన్‌పెణ్ణై నదియే మనము దక్షిణ పినాకిని యనునది. నందికొండల ప్రాంతమున పుట్టిన పినాకినులు రెండు. ఒకటి అనంతపురము, కడప సీమలమీదుగా నెల్లూరు చేరును. రెండవది కృష్ణగిరి, ధర్మపురి సీమలను తాకి కడలూరువద్ద సముద్రమున కలియును. నెల్లూరివారును మనమును ఒక్క కొండప్రాంతపు నీటికే వారసులము.

నదులు రెండున్నను ఈ సీమ వానకై ఆకాశము చూచునదియే. హరూరు దగ్గరి తీర్థమలైపై శ్రీరాముడు పూజకు నీరు లేక బాణము వేసి తీర్థము పుట్టించెనని స్థలపురాణము. రామునికే బాణము అవసరమైన చోట రైతు పాట్లు చెప్పవలెనా?

ఇక చరిత్ర. ఈ ఊరి ప్రాచీన నామము తగడూరు. సంగకాలమున అదియమాన్ నెడుమాన్ అంజి దీని నేలెను. ఆయుర్వృద్ధి నిచ్చు ఉసిరికాయ లభింపగా తాను తినక ఔవయ్యార్ కవయిత్రికి ఒసగిన దాత ఆయన. తొమ్మిదవ శతాబ్దమున నొళంబులు ఇచ్చట పాలించిరి. వారి రాజధాని హేమావతి. అది నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో మడకశిర ప్రాంతమున కలదు. అనగా వెయ్యి యేండ్లకు పూర్వమే ఈ ఊరిని రాయలసీమనుండి ఏలిరి. తరువాత చోళులు, హొయసలులు, విజయనగర ప్రభువులు వచ్చిరి. కర్ణాటకమందలి చన్నపట్టణమునేలిన తెలుగు నాయకుడు జగదేవరాయలు పెనుకొండను శత్రువులనుండి రక్షించినందుకు బహుమానముగా ఈ బారామహల్ సీమను పొందెనని చెప్పుదురు. "బారా" యనగా పన్నెండు. పన్నెండు కోటల సీమ యని అర్థము.

పిమ్మట ఈ సీమ మైసూరువారి వశమయ్యెను. 1792 శ్రీరంగపట్టణపు సంధిలో టిప్పు సుల్తాను దీనిని ఆంగ్లేయుల కిచ్చెను. పాలనకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను, ఆయనకు సహాయులలో ఒకనిగా థామస్ మన్రోను నియమించిరి. మన్రో ఏడేండ్లు ఈ సీమలో తిరిగి, పొలము పొలమును కొలిపించి, నడుమ దళారి లేక రైతుతోనే శిస్తు నిర్ణయించు పద్ధతిని రీడ్‌వద్ద అభ్యసించెను. అదియే రైతువారీ. 1800లో దత్తమండలములకు ప్రధాన కలెక్టరై 1807 వఱకు ఆయన అచ్చట అమలు జరిపినది ఇచ్చట నేర్చిన పాఠమే. మద్రాసు గవర్నరుగా నుండి 1827 జూలై 6న పత్తికొండలో కలరాచే మరణించెను. రాయలసీమవారు "మన్రోలప్ప" యని బిడ్డలకు పేరు పెట్టుకొనిరి. ఆ మన్రోలప్ప బడి మన ధర్మపురి! పట్టా, అడంగలు, జమాబందీ మాటలతో జీవితము గడపిన నావంటి గుమాస్తాకు ఈ సంగతి గర్వకారణము.

ప్రజల జీవితము శ్రమతో కూడినది. రాగి, సామ, చింత, మామిడి, టమాటా, పట్టుపురుగుల పెంపకము ముఖ్యాధారములు. అరవమున "కళి" యన్నను మన ఇంట "సంగటి" యన్నను అదే ముద్ద. వాన లేని యేట యువకులు బెంగుళూరు, తిరుప్పూరు చేరుదురు. భూగర్భజలమున ఫ్లోరైడు మిక్కుటమగుటచే అనేక గ్రామములలో పండ్లు గారపట్టి ఎముకలు వంగెను. 2013లో ప్రారంభమైన హొగెనకల్ త్రాగునీటి పథకము కావేరి జలమును ఊళ్ళకు చేర్చుచున్నది.

ఇట్టి సుఖదుఃఖములలో తెలుగువారు ఎన్నడును పరాయివారు కారు. పాప్పిరెడ్డిపట్టి తాలూకా పేరులోనే "రెడ్డి" కలదు. కాని ఊరిపేర నిలిచిన తెలుగు ఇంటిలో సన్నగిల్లుచున్నది. 2006 నాటి చట్టముచే తమిళము బడిలో క్రమముగా నిర్బంధ ప్రథమభాష అయ్యెను. తమిళము నేర్చుట మనకు భారము కాదు. ఔవయ్యార్ మనకును అవ్వయే. అయితే మన బిడ్డలు తెలుగు మాటాడుదురు గాని చదువలేరు. తాతగారి ఉత్తరము, పెండ్లి శుభలేఖ, పొలపు దస్తావేజు పెట్టెలో నుండియు మూగవైనవి.

కావున ప్రతి కుటుంబమువారును తమ పాత కాగితములను చదువగల పెద్దలుండగనే చదివించి, తేదీలతో నకలు వ్రాసి యుంచవలెను. వేసవి సెలవులలో బిడ్డలకు అక్షరములు నేర్పవలెను. "మనది ఏ ఊరు?" అను ప్రశ్నకు "ధర్మపురియే" అని తెలుగున వ్రాయగల బిడ్డ ఇంటి కొకరున్నను చాలును.