సాటింపు నుంచి టీవీ దాకా: పిల్లల్నెత్తుకపోయేటోళ్ల ప్రకటనల చరిత్ర

2016లో కరాచీ నగరంలో ఒక ప్రజాహిత ప్రకటన తయారయింది. తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ తీయించిన చిన్న చిత్రం అది. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. మోటారు సైకిల్ మీద ఇద్దరొచ్చి ఒక పిల్లవాణ్ని ఎత్తుకొని పోతారు. వెంటనే తిరిగొచ్చి వాణ్ని దించి, చేతిలో ఉన్న అట్ట విప్పి చూపిస్తారు. ఒక పిల్లవాణ్ని ఎత్తుకపోవడానికి ఒక్క క్షణం చాలు, జాగ్రత్త అని దాని సారాంశం. మంచి ఉద్దేశంతో తీసిందే. రెండేళ్లకు అదే చిత్రం మన దేశంలో సెల్‌ఫోన్లలో తిరిగింది. చివరి ముక్కను ఎవరో కత్తిరించారు. పిల్లవాణ్ని దించడం లేదు, అట్ట లేదు. ఎత్తుకపోవడం ఒక్కటే మిగిలింది.

ఆ వీడియోతో పాటు రకరకాల ఫొటోలు, గొంతు సందేశాలు కూడా తిరిగాయి. 2018 మే నెలలో బెంగళూరు చామరాజపేటలో రాజస్థాన్ నుంచి బతకడానికొచ్చిన ఒక యువకుణ్ని జనం కొట్టి చంపారు. అదే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో రంజాన్ రోజుల్లో అడుక్కోవడానికొచ్చిన హిజ్రాల మీద పడి ఒకరిని చంపారు. 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడలో సంత రోజున అయిదుగురిని పంచాయతీ ఆఫీసులోకి తోసి మరీ కొట్టి చంపారు. ఆ అయిదుగురూ నాథపంథీ డవరి గోసావి అనే సంచార కులం వాళ్లు. షోలాపూర్ జిల్లా నుంచి భిక్షాటనకు వచ్చినవాళ్లు.

పత్రికలు దీన్ని 'వాట్సాప్ హత్యలు' అన్నాయి. ఈ పేరుతోనే నాకు పేచీ ఉంది. ఫోను ఎవరినైనా చంపించగలిగితే చచ్చినవాళ్లలో అన్ని రకాల మనుషులూ ఉండాలి గదా! కారులో వచ్చి చాక్లెట్ ఇచ్చినవాళ్లు దెబ్బలు తిన్న ఘటనలు లేకపోలేదు. కానీ బిచ్చగాళ్లు, హిజ్రాలు, మతి స్థిమితం లేనివాళ్లు, పరాయి భాష మాట్లాడే కూలీలు, ఊరూరూ తిరిగి బతికే కులాలవాళ్లు మళ్లీ మళ్లీ ఎందుకు దొరికారు? ఆ ఏడాది ఎండాకాలం మన తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో తిరిగిన పుకార్లలో 'పార్థీ గ్యాంగ్' అనే పేరు మోగిపోయింది. పార్థీలు వేటాడి బతికిన జాతి, బ్రిటిషు ప్రభుత్వం నేరస్త జాతిగా ముద్ర వేసిన జాతి. కరాచీ వీడియోలో ఏ కులమూ లేదు. ఆ పేరు మన దగ్గర చేరింది. ఎక్కడి నుంచి చేరిందో చూడాలంటే ఫోను కంటే చాలా వెనక్కి పోవాలి.

మొదట ప్రకటన సంగతి. టీవీ, రేడియో రాకముందు మా పల్లెల్లో ప్రజాహిత ప్రకటన అంటే సాటింపే. అది చేసేది మాదిగోడే. మా తాత డప్పు కొట్టి సాటేటోడు. పన్ను కట్టే తారీఖు, టీకాలేసే డాక్టరు వచ్చే రోజు, జాతర, తప్పిపోయిన ఎద్దు, తప్పిపోయిన పిల్ల, అన్నీ ఆ నోటి గుండానే ఊరికి తెలిసేవి. 'ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా' అన్న మాట పటేలుది, గొంతు మాత్రం మాదిగది. సాటినందుకు కూలి లేదు, అది వెట్టి. ఊరి నడిబజార్లో గొంతెత్తే హక్కు ఆయనకు సర్కారు మాట చెప్పేటప్పుడే ఉండేది, తన మాట చెప్పుకోవడానికి లేదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం దండోరా అనే పేరునే ఎంచుకోవడం వెనక ఈ చరిత్ర ఉంది. ఆ రోజు డప్పు మొదటిసారి కొట్టేవాడి మాటే చెప్పింది.

సాటింపులో ఇంకో సంగతి ఉంది. వినేవాళ్లందరికీ చెప్పేవాడు తెలుసు. అబద్ధం సాటితే పొద్దున్నే వచ్చి అడుగుతారు. తప్పిపోయిన పిల్ల ఎవరి పిల్లో కూడా ఊరికి తెలుసు. టీవీ ఈ ఎరుకను తెంపేసింది.

నేరస్తుల కోసం టీవీలో ప్రజల సాయం అడిగే కార్యక్రమాల్లో తొలి పేరు పశ్చిమ జర్మనీది. 1967లో ఎడ్వర్డ్ సిమ్మర్‌మాన్ మొదలుపెట్టాడు. 1984లో బీబీసీ 'క్రైమ్‌వాచ్' పేరుతో దాన్ని అందుకుంది. అమెరికాలో 1988 ఫిబ్రవరిలో 'అమెరికాస్ మోస్ట్ వాంటెడ్' వచ్చింది. దాన్ని నడిపిన జాన్ వాల్ష్ కొడుకు 1981లో ఫ్లోరిడాలో ఒక దుకాణం నుంచి కిడ్నాపై హత్యకు గురయ్యాడు. ఆ తండ్రి పోరాటం వల్ల 1982లో తప్పిపోయిన పిల్లల చట్టం వచ్చింది. మొదటి కార్యక్రమంలో చూపించిన పారిపోయిన ఖైదీ కొద్ది రోజుల్లోనే దొరికాడు. మన దగ్గర 1998లో సుహైబ్ ఇల్యాసీ 'ఇండియాస్ మోస్ట్ వాంటెడ్' జీ టీవీలో ఆ నమూనా మీదే వచ్చింది. ఈ ప్రకటనల్లో చాలావరకు ఒక పేరు, ఒక ఫొటో, ఒక కేసు నంబరు ఉంటాయి. తప్పు జరిగితే ఆ ఒక్క మనిషికి జరుగుతుంది. ఆ మేరకు వాటిని నేను తప్పు పట్టను. కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఇంకేం చేస్తాడు?

పేరు లేని ప్రకటనతోనే చిక్కు. 1994 అక్టోబర్ 25న అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం యూనియన్ పట్టణంలో సూసన్ స్మిత్ అనే తెల్లజాతి తల్లి, ఒక నల్లవాడు తన కారుతో పాటు ఇద్దరు పసిపిల్లల్ని ఎత్తుకపోయాడని చెప్పింది. టీవీ ముందు ఏడ్చి బతిమాలింది. పోలీసులు ఆ 'నల్లవాడి' ఊహాచిత్రం గీయించి దేశమంతా చూపించారు. తొమ్మిది రోజుల తర్వాత తనే పిల్లల్ని కారుతో సహా చెరువులో ముంచానని ఒప్పుకుంది. లేని మనిషికి ఒక ముఖం ఇవ్వాలంటే ఆమెకు వెతుక్కునే పని పడలేదు. నల్లవాడు అంటే చాలు, దేశం నమ్మింది. ఆ చిత్రంలో ఒక్కడు లేడు, ఆ పట్టణంలోని నల్లజాతి మగవాళ్లంతా ఉన్నారు. అదే దేశంలో 1979 - 81 మధ్య అట్లాంటాలో పేద నల్లపిల్లలు వరసగా మాయమై శవాలై తేలుతుంటే, తల్లులు సంఘం పెట్టుకొని అరిస్తే తప్ప ప్రభుత్వం గట్టిగా కదల్లేదు.

అక్కడ జాతి చేసిన పని ఇక్కడ కులం చేసింది. దానికి బ్రిటిషువాళ్లు కాగితాలు రాసిపెట్టారు. ఠగ్గులను వేటాడిన స్లీమన్ 1839లో 'మెగ్‌పున్నాయిజం' మీద ఒక నివేదిక అచ్చేశాడు. దారినపోయే నిరుపేద తల్లిదండ్రుల్ని చంపి పిల్లల్ని బానిసలుగా అమ్మే ముఠాల గురించి అది. అందులో చచ్చినవాళ్లూ దారినపోయే పేదలే అని గమనించాలి. అమ్మేవాడుంటే కొనేవాడు కూడా ఉండాలి గదా. కానీ పిల్లల్ని కొని ఇళ్లల్లో పెట్టుకున్నవాళ్ల పేరుతో ఏ 'నేరస్త జాతీ' పుట్టలేదు. తిరిగేవాళ్లంతా అనుమానితులయ్యారు, కొన్నవాళ్లు పెద్దమనుషులుగానే మిగిలారు. 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. 1892లో మల్లాలీ మద్రాసు రాజధానిలోని నేర వర్గాల మీద పుస్తకం రాశాడు. పోలీసులు పట్టుకొని తిరగడానికి వీలైన కులాల జాబితా అది. 1911 చట్టంతో మద్రాసు రాజధానిలో కూడా ఎరుకల మొదలైన కులాలకు వేలిముద్రలు, హాజరీ, ఊరు దాటాలంటే పాసు వచ్చాయి.

ఈ చట్టంలో ఒక అంశం మీద మన చరిత్రకారులు ఆగవలసినంత ఆగలేదనుకుంటాను. 1897 సవరణ నేరస్త జాతుల పిల్లల్ని, నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లని, తల్లిదండ్రుల నుంచి విడదీసి సంస్కరణ కేంద్రాల్లో పెట్టే అధికారం ఇచ్చింది. 1911 చట్టం కూడా ఆ అధికారాన్ని మరో రూపంలో ఉంచింది. అంటే, ఎవరిని చూపించి 'పిల్లల్నెత్తుకపోయేటోళ్లు' అని ఊళ్లు భయపడ్డాయో, వాళ్ల పిల్లల్నే సర్కారు చట్టబద్ధంగా ఎత్తుకపోగలిగింది. దీనికి ఏ గెజిట్లోనూ కిడ్నాప్ అనే మాట వాడలేదు, సంస్కరణ అన్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, కృష్ణ ఒడ్డున సీతానగరం సెటిల్‌మెంట్లు సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో నడిచాయి. బడి దొరికింది, అక్షరం దొరికింది, నిజమే. కానీ వద్దనుకుంటే లేచిపోయే వీలు లేని చోట దొరికింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. దాని స్థానంలో అలవాటుపడ్డ నేరస్తుల చట్టాలు వచ్చాయి. జైలు మాన్యువళ్లలో పాత మాటలు అట్లాగే ఉండిపోతే 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టేయవలసి వచ్చింది.

రద్దయిన చట్టం నోళ్లలో బతికే ఉంది. దీన్ని అగ్రవర్ణాల మీదికే తోసేసి ఊరుకోను. మా మాదిగవాడలో నా చిన్నప్పుడు ఏడిస్తే మా అమ్మ, "సప్పుడు చెయ్యకు, ఎరుకలోళ్లు ఒస్తున్నరు, సంచిల ఏసుకొని పోతరు" అనేది. ఎరుకలామె వాడకొచ్చి బుట్టలమ్మి, ముసలోళ్లకు సోది చెప్పి, మా ఇంట్లోనే నీళ్లు తాగి పోయేది. ఆమె సంచిలో నేనెన్నడూ పిల్లల్ని చూడలేదు. అయినా భయపడ్డాను. రైన్‌పాడ కూడా ఆదివాసీ పల్లెనే. కొట్టినవాళ్లూ, చచ్చినవాళ్లూ ఇద్దరూ ఊరి అంచున బతికేవాళ్లే. బహుజన ఐక్యత గురించి రాసేటప్పుడు ఈ పంచాయతీ ఆఫీసు గదిని పక్కనపెట్టి రాయడం నాకు చేతకావడం లేదు.

ఇక పేదల పిల్లలు నిజంగా తప్పిపోతే ఏం జరిగింది? దూరదర్శన్‌లో తప్పిపోయినవాళ్ల ప్రకటనలు వచ్చేవి. ఒక మసక ఫొటో, ఎత్తు, చామనచాయ రంగు, ఒంటి మీది బట్టలు. మా ఊరి పంచాయతీ టీవీ ముందు కూర్చొని చూసేవాళ్లం. ఆ ప్రకటన రావాలంటే ముందు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకోవాలి, ఇవ్వడానికి ఒక ఫొటో ఉండాలి. మా వాడలో ఎన్ని ఇళ్లల్లో పిల్లల ఫొటో ఉండేదో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఢిల్లీ పక్కన నోయిడాలోని నిఠారిలో కూలీల పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాయమయ్యారు. తల్లిదండ్రులు స్టేషన్ చుట్టూ తిరిగితే, లేచిపోయుంటారు పొమ్మన్నారు. 2006 డిసెంబర్ చివర మురుగు కాలువలో ఎముకలు దొరికాకే దేశంలోని టీవీలన్నీ అక్కడికి పరిగెత్తాయి. తప్పిపోయిన ప్రతి పిల్లవాడి విషయంలో కేసు నమోదు చెయ్యాలని, కిడ్నాపో అక్రమ రవాణాయో జరిగిందనే భావించి వెతకాలని సుప్రీంకోర్టు చెప్పేటప్పటికి 2013 మే వచ్చింది. అప్పటిదాకా పేదవాడి పిల్ల తప్పిపోవడం ప్రకటనకెక్కని సంగతి. పేదవాడు కిడ్నాపర్ అన్నదేమో ప్రకటన కూడా అక్కర్లేని సంగతి.

రైన్‌పాడ తర్వాత ప్రకటనల మీద ప్రకటనలు వచ్చాయి. 2018 జులై 17న సుప్రీంకోర్టు, మూక హింసకు కఠిన శిక్ష ఉంటుందని రేడియోలో టీవీలో చాటమని ప్రభుత్వాలను ఆదేశించింది. వాట్సాప్ కంపెనీ ముందు పేపర్లలో, డిసెంబర్ నాటికి టీవీలో పుకార్లు పంచొద్దని ప్రకటనలిచ్చింది. ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. మంచిదే. కానీ సంచి భుజాన వేసుకొని ఊళ్లోకొచ్చే మనిషి ఎవరో, ఏ కులమో, ఎందుకొస్తాడో చెప్పకుండా పుకారును ఆపమంటే, ఆ మనిషి జనం కళ్లకు అనుమానితుడుగానే మిగిలిపోతాడు.

మన దగ్గర జోగులాంబ గద్వాల జిల్లాలో ఇంకోలా జరిగింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి, ఊరికొక పోలీసును అప్పజెప్పి, డప్పు కొట్టేవాళ్లను, పాట పాడేవాళ్లను వెంటబెట్టి పల్లెపల్లెకూ పంపించారు. ఫోనులో వచ్చినదాన్ని నమ్మొద్దని, అనుమానం ఉంటే చెయ్యి చేసుకోకుండా తమకు చెప్పమని సాటించారు. టీవీ చెయ్యలేని పని డప్పు చేసింది, ఎందుకంటే చెప్పేవాడు ఎదురుగా నిలబడ్డాడు, అడిగితే జవాబిచ్చాడు.

ఈ సంగతి మా నాయనమ్మకు చెప్పాను. మా తాత చచ్చిపోయి పన్నెండేళ్లు. ఆమె అంతా విని, కొంగుతో మొఖం తుడుచుకొని ఒక్కటే అడిగింది:

"కొట్టినోళ్లకు కూలి ఇచ్చిన్రా మరి?"