హీబ్రూ లిపిలో అరబీ: మైమోనిడీస్ ‘యెమెన్ లేఖ’

12వ శతాబ్ది ఉత్తరార్ధంలో యెమెన్‌లోని యూదులు రెండు సంకటాలను ఎదుర్కొన్నారు. ఒకటి పాలకుల బలవంతపు మతమార్పిడి. రెండవది తానే మెస్సీయనని ప్రకటించుకున్న ఒక వ్యక్తి వల్ల కలిగిన భ్రాంతి. అక్కడి పండితుడు యాకోబ్ బెన్ నెతనేల్ ఈ విషయమై ఈజిప్టులోని ఫుస్తాత్‌లో ఉన్న మైమోనిడీస్‌ను సలహా కోరాడు. 1172 ప్రాంతంలో ఆయన రాసిన సమాధానమే ‘యెమెన్ లేఖ’.

లేఖలో సంబోధన భాగం హీబ్రూలో ఉండగా, ప్రధాన విషయం హీబ్రూ లిపిలో రాసిన అరబీలో, అంటే యూదు-అరబీలో, సాగుతుంది. స్త్రీలకు, పిల్లలకు సైతం సులభంగా బోధపడాలనే అరబీని ఎంచుకున్నట్లు ఆయనే పేర్కొన్నాడు. ప్రతి ఊరికీ ప్రతిని పంపి, సభలలో చదివి వినిపించాలని కోరాడు. అదే సమయంలో లేఖ ప్రత్యర్థుల చేతికి చిక్కకుండా జాగ్రత్తపడమని హెచ్చరించాడు.

ఈ రెండు సూచనలనూ కలిపి పరిశీలించాలి. పరాయివారు చదవకుండా లిపి కొంతవరకు అడ్డుపడగలదు. కానీ బిగ్గరగా చదివినప్పుడు ఆ తెర తొలగిపోతుంది. వినే అరబీ భాషీయుడెవరికైనా అర్థం తెలిసిపోతుంది. అల్‌మొహద్‌ల ఏలుబడిలో స్వస్థలమైన కోర్దోబాను విడిచిన మైమోనిడీస్‌కు ఈ ప్రమాదం తెలియనిది కాదు. అయినా సమాజ శ్రేయస్సుకే ఆయన ప్రాధాన్యమిచ్చాడు. కాబట్టి ఈ లేఖలోని యూదు-అరబీని రహస్య లిపిగా కాక, ప్రమాదమని తెలిసీ సామాన్యులను చేరడానికి ఎంచుకున్న మాధ్యమంగా గుర్తించడం సమంజసం.