ఎముకలు లేని చరిత్ర

మొన్న సంక్రాంతి సెలవులకి మా ఆఫీసు వాళ్ళని ముగ్గుర్ని వెంటేసుకుని విశాఖపట్నం వెళ్ళాను. ఆ ఊరివాణ్ణి కదా, గైడు ఉద్యోగం నా నెత్తినే పడింది. ఆర్కే బీచి, కైలాసగిరి, తొట్లకొండ అయ్యాక భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర కారు ఆపించాను. సినిమా పాటల్లో మీరంతా చూసే ఉంటారు. ఫొటోల కార్యక్రమం ముగిశాక మా వరంగల్ మిత్రుడు అడిగాడు, "ఇక్కడ డైనోసార్ బొక్కలేమన్న దొరికినయా?" అని.

లేదన్నాను.

"మరి ఏమున్నదిరా, ఉత్త మన్నే గద!"

నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే వాడన్నది సగం నిజం. ఈ దిబ్బల్లో శిలాజాలు లేవని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళే రాశారు. అదే సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా ఎందుకు ప్రకటించినట్టు? కారులో చెప్పలేకపోయిన ఆ మిగతా సగం కోసమే ఈ టపా.

రాతి పొరలు చదవడానికి మొదటి సూత్రం మనకి బాగా తెలిసిందే. కింద ఉన్నది ముందు పడింది, పైన ఉన్నది తర్వాత పడింది. 1669లో నికొలస్ స్టెనో అనే డెన్మార్కు వైద్యుడు ఈ సంగతి కాగితం మీద పెట్టాడు. లాగ్ ఫైల్ లాంటిదే అనుకోండి, కొత్త లైను ఎప్పుడూ చివరే చేరుతుంది. కాకపోతే ఈ లాగులో మధ్యమధ్య పేజీలు గాలికీ నీటికీ కొట్టుకుపోతాయి, ఆ ఖాళీల్ని కూడా చదవడం రావాలి.

దిబ్బల్లో ఈ పొరలు నాలుగు. అన్నిటికన్నా కింద పసుపు ఇసుక. దాని మీద గట్టిపడ్డ ముద్దలున్న ఎరుపు గోధుమరంగు ఇసుక. ఆ పైన మనం ఫొటోలు దిగే ఇటుక ఎరుపు ఇసుక. అన్నిటికన్నా పైన లేత పసుపు ఇసుక, ఇంకా వదులుగానే ఉంటుంది. రేడియోకార్బన్ లెక్కలో ఈ పై పొర వయసు దాదాపు 3,000 ఏళ్ళు. కింది పొరలు దానికన్నా పాతవి. మొత్తానికి తీరం వెంబడి ఐదు కిలోమీటర్ల పొడవు, వెడల్పు 200 మీటర్ల నుంచి 2 కిలోమీటర్లు.

వీటన్నిటి కిందా ఉన్నది ఖొండలైటు. సింహాచలం, కైలాసగిరి కొండల రాయి ఇదే. 1902లో టి.ఎల్. వాకర్ ఈ రాయికి ఖోండు గిరిజనుల పేరు పెట్టాడు. (గోండుల పేరు మీద ఏకంగా గోండ్వానా అనే ప్రాచీన ఖండమే ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఇద్దరికీ తలో వాక్యం దక్కితే గొప్ప.) ఈ ఖొండలైటు కూడా ఒకప్పుడు నీటి అడుగున పొరలుగా పేరుకున్న బురదే. భూమి లోతుల్లో ఉడికి ఉడికి గార్నెట్, సిల్లిమనైటు స్ఫటికాలుగా మారిపోయింది. ఆ బురదలో ఏ జీవి జాడ ఉన్నా వేడికి చెరిగిపోయింది. ఫార్మాట్ చేసిన డిస్కు అన్నమాట.

ఇంతకీ అంత ఇసుక ఎక్కణ్ణుంచి వచ్చింది? సముద్రం వెనక్కి వెళ్ళినప్పుడు వచ్చింది. గడిచిన మంచుయుగం ముదిరినప్పుడు, అంటే సుమారు 20,000 ఏళ్ళ క్రితం, నీళ్ళన్నీ ధ్రువాల వైపు మంచుపలకల్లో గడ్డకట్టి, ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. పోర్టులోకి పిలుపు కోసం ఓడలు లంగరేసుకుని ఎదురుచూస్తాయే, ఆ చోటంతా పొడినేల. తీరం ఎక్కడో తూర్పుకి జరిగిపోయింది. బయటపడ్డ సముద్రగర్భపు ఇసుకని గాలి లేపి తెచ్చి కొండల మొదట్లో పోసింది. ఇలా వెనక్కి వెళ్ళడం, ముందుకు రావడం సముద్రానికి ఒక్కసారితో అయ్యేది కాదు, అందుకే ఒక్క పొరతో కథ ముగియలేదు.

ఎరుపు రంగు తర్వాత వచ్చింది. కొండల నుంచి కొట్టుకొచ్చిన గార్నెట్ లాంటి ఇనుము ఉన్న ఖనిజాలు ఎండకీ వానకీ శిథిలమై, ఆ ఇనుము తుప్పుగా ప్రతి ఇసుక రేణువుకీ పూత పట్టింది. అంటే ఆ రంగు వాతావరణానికి సాక్ష్యం. శిలాజాలు లేకపోవడం కూడా సాక్ష్యమే. గాలి పోసిన ఇసుకలో, గాలి ఆడుతూ వాన నీళ్ళు ఇంకే చోట ఎముకలూ గవ్వలూ నిలవవు, కరిగిపోతాయి. లాగులో ఎంట్రీ లేకపోవడం కూడా ఒక్కోసారి సమాచారమేనని రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినప్పుడు మేలుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు :)

మా వాడికి ఎముకలే కావాలంటే వాడి ఆఫీసు ఉన్న హైదరాబాదులోనే ఉన్నాయి. బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు శాకాహారి. 1988లో యాదగిరి దానికి ఆ పేరు పెట్టారు. గవ్వలు కావాలంటే రాజమండ్రి చుట్టుపక్కల కాతేరు, దుద్దుకూరు, పంగిడి వెళ్ళాలి. మహారాష్ట్ర వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారివచ్చిన లావా ప్రవాహాలు అక్కడ రాయిగా గడ్డకట్టాయి. ఒక లావాకీ మరో లావాకీ మధ్య తీరపు నీళ్ళలో పేరుకున్న సున్నపురాయి పొర ఉంది. అందులోని కంటికి కనిపించనంత చిన్న సముద్రజీవుల గుల్లల్ని బట్టి, కింది లావా డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గరగా, అంటే 6.6 కోట్ల ఏళ్ళ నాడు ఆగిందని గెర్టా కెల్లర్ బృందం 2008లో చెప్పింది. ఆ పొరలు కళ్ళకి కనబడేది కంకర క్వారీల్లో. క్వారీ లేకపోతే పొర బయటపడదు, క్వారీ ఆగకపోతే పొర మిగలదు. విచిత్రమైన బేరం.

ఇంకా పాతదాని కోసమైతే మా ఊరు దాటక్కర్లేదు. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీద ఎర్రటి వ్యాగన్లు పోర్టుకీ, స్టీల్ ప్లాంటుకీ వస్తాయి. చిన్నప్పుడు రైల్వే గేటు దగ్గర ఆ వ్యాగన్లు లెక్కపెట్టేవాణ్ణి. ఆ ఇనుపరాయి పుట్టింది 200 కోట్ల ఏళ్ళకు ముందరి సముద్రాల అడుగున. అప్పటి సముద్రపు నీళ్ళలో ఇనుము కరిగి ఉండేది. సూక్ష్మజీవులు వదిలిన ఆక్సిజన్ తగిలాక అది తుప్పు పట్టి పొరలు పొరలుగా దిగిపోయింది. దాన్నే కొలిమిలో వేసి, ఆ ఆక్సిజన్ని బొగ్గుతో మళ్ళీ విడదీసి ఉక్కు చేస్తున్నాం. దిబ్బల ఎరుపూ, వ్యాగన్ల ఎరుపూ ఒకటే సరుకు, ఇనుము తుప్పు.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇది. శిలాజాలు లేని ఇసుక వయసు తెలిసేదెలా? ఇసుక రేణువుకి ఒక గడియారం ఉంది. మట్టిలో పాతుకుపోయాక చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత వల్ల క్వార్ట్జ్ రేణువులో ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా చిక్కుకుంటూ పోతాయి. ఎండ తగిలిందా, అవి విడిపోయి గడియారం మళ్ళీ సున్నా. అందుకే శాస్త్రవేత్తలు వెలుతురు సోకకుండా పొరలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, మూతలేసి, చీకటిగదిలో తెరుస్తారు. చిక్కుకున్న శక్తి వెలుగుగా ఎంత బయటికొస్తే అన్నేళ్ళుగా అది చీకట్లో ఉన్నట్టు లెక్క.

2024 జూలైలో ఈ దిబ్బల దగ్గర ఒక హౌసింగ్ సొసైటీ స్థలంలో యంత్రాలు పెట్టి చదును మొదలెట్టారు. గొడవయ్యాక అధికారులు ఆపించారు. జనం "అందం పోతోంది" అని బాధపడ్డారు. అందం సంగతి సరే, నా బాధ గడియారాల గురించి. యంత్రం పొరని తిరగేసిన చోట 20,000 ఏళ్ళ టైంస్టాంపు ఒక మధ్యాహ్నపు ఎండకి చెరిగిపోతుంది, దానికి బ్యాకప్ లేదు. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో మరో రెండు చోట్లే ఉన్నాయి, తమిళనాడు తేరి ఇసుకలు, శ్రీలంక తీరం. అవైనా వాటి తీరాల కథే చెబుతాయి గానీ మనది చెప్పవు. ప్లాటు కోసం డబ్బు కట్టిన మనిషి మీద నాకు కోపం లేదు, మనలో సగం మందిమి ఆ లైన్లోనే ఉన్నాం. కానీ ఇల్లు కట్టడానికి వేరే చోటు వెతుక్కోవచ్చు, ఈ పొరని మరోచోట పరవలేం. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో దిబ్బల పేరు చేరింది, తిరుమల కొండలతో పాటు. పేరులోనే ఉంది కదా, తాత్కాలికం. అది దరఖాస్తు లాంటిదే గానీ కంచె కాదు.

ఇదంతా మా వాడికి హైదరాబాదు వచ్చాక చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. విన్నాక బ్యాగులోంచి మెల్లగా ఒక వాటర్ బాటిల్ తీశాడు, సగం దాకా ఎర్ర ఇసుక! దొరగారు ఎప్పుడు నింపుకున్నారో నేను చూడనేలేదు. ఆ రోజు ఎండ బాగా కాసింది కూడా. ఇప్పుడది వాడి డెస్కు మీద, మానిటర్ పక్కన ఉంది. దాని వయసు ఎవరైనా లెక్క కడితే మొన్నటి సంక్రాంతి అని వస్తుంది.