పల్లెకు సూర్యశక్తి: నూటయేబది యేండ్ల చరిత్ర

ఎండకు కొదువ లేని దేశము మనది. వడియములు, వరుగులు, మిరపకాయలు, కల్లములోని ధాన్యము, అన్నిటిని మనకు ఆరబెట్టి యిచ్చుచున్నది ఆ యెండయే. ఇట్టి దేశమున ఎండతోనే దీపము వెలిగించుకొనుటకును, నీరు తోడుకొనుటకును ఇంతకాలమేల పట్టినదని పలువురు ప్రశ్నించుచుందురు. ఎండకు వెల లేదు గదా, ఇక అడ్డమేమున్నదని వారి సందేహము. దీనికి సమాధానము యంత్రశాస్త్రమునందు కంటె చరిత్రయందే యెక్కువగా దొరకునని నా అభిప్రాయము. ఆ చరిత్రను క్లుప్తముగా పెద్దలకు మనవి చేసెదను.

సూర్యయంత్రము నిన్న మొన్న పుట్టినది కాదు. 1878లో పారిస్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనములో అగస్టిన్ మూషో అను ఫ్రెంచి ఉపాధ్యాయుడు పెద్ద అద్దపు గిన్నెతో ఎండను ఒకచోటికి కూర్చి, ఆవిరి పుట్టించి, ఆ శక్తితో మంచుగడ్డను చేసి చూపెను. ఎండతో మంచు పుట్టుట చూచి జనులు విస్తుపోయిరి. ఆయనకు బంగారు పతకము లభించెను. ఆ కాలముననే మన బొంబాయిలో డిప్యూటీ రిజిస్ట్రారుగా నుండిన విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయుడు చిన్న చిన్న అద్దములను అర్ధవలయముగా నిలిపి, ఆ వేడిమితో ఆవిరి యంత్రమును నడిపెను. ఉష్ణదేశములలో వంటచెరకునకు, బొగ్గునకు బదులు ఎండను వాడవచ్చునని ఆయన 1878లో ఒక గ్రంథమే ప్రకటించెను. పిదప 1913లో ఈజిప్టు దేశమున, కైరో చెంత మాదీ యనుచోట, ఫ్రాంక్ షూమన్ అను అమెరికా దేశస్థుడు ఐదు పొడవైన అద్దపు దోనెలను నిలిపి, వాని వేడిమితో నీరు తోడించెను. ఒక్కొక్క దోనె పొడవు 62 మీటర్లు.

ఇవి యన్నియు పనిచేసిన యంత్రములే. ఐనను నిలువలేదు. ఫ్రాన్సులో బొగ్గు చవుకయైనందున మూషో యంత్రము లాభసాటి కాదని పరీక్షకులు తేల్చిరి. 1914లో మహాయుద్ధము వచ్చి షూమన్ పని ఆగిపోయెను. ఆ తరువాత చమురు చవుకగా దొరకుటచే దానిని తలచినవారే లేరు. సూర్యునియందు లోపము లేదు, యంత్రమునందును లేదు. ప్రక్కనున్న పాత వస్తువు ధరయే క్రొత్తదానిని నెట్టివేసినది. ఇది మొదటి యడ్డంకి.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మన తెలుగునాట 2004 నుండి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఇచ్చుట మొదలైనది. 2019లో కేంద్రప్రభుత్వము కుసుమ్ అను పథకమును ప్రారంభించి, సోలారు పంపుసెట్టు ధరలో నూటికి 30 పాళ్లు కేంద్రమును, 30 పాళ్లు రాష్ట్రమును భరించునట్లు ఏర్పాటు చేసెను. మిగిలిన 40 పాళ్లు రైతువి. ఉచిత కరెంటు అందని చేనికి ఆ పంపు వరము. అందుచున్న చేనికి అది క్రొత్త వ్యయము. రైతు వెనుకాడినచో అది అజ్ఞానము కాదు, లెక్క తెలిసినతనమే.

రెండవ యడ్డంకి గృహములో కలదు. 1950 తరువాత కొలది యేండ్లలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు ఎండతో వండు పొయ్యిని తయారుచేసిరి. పత్రికలు దానిని మెచ్చుకొనెను. అంగళ్లకును వచ్చెను. కాని ఇండ్లలోనికి పోలేదు. కూలికి పోవువారికి తెల్లవారకమునుపే వంట కావలెను. రాత్రి భోజనము ప్రొద్దు గ్రుంకిన పిదప. ఆ పొయ్యియో నడిమధ్యాహ్నమే బాగుగా మండును. దానిని సూర్యుని వెంట త్రిప్పుచు, ఇల్లాలు ఎండలో నిలువవలెను. ఆ పొయ్యిని చేసినవారు సూర్యుని నడకను ఎరిగిరి గాని, యిల్లాలి దినచర్యను ఎరుగరైరి.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు సిలికాన్ బిళ్లతో ఎండను నేరుగా విద్యుత్తుగా మార్చు విధానము వెలువడెను. మొదట అది అపారమైన వెల గలదై ఉపగ్రహములకే పరిమితమయ్యెను. క్రమముగా వెల తగ్గినది. 2010కిని 2020కిని నడుమ పలకల ధర సుమారు పదింట తొమ్మిది వంతులు పడిపోయెను. ఐనను పేదవానికి అడ్డంకి తీరలేదు. ఏలయన, కిరసనాయిలును నేటికి చాలినంత నేడు కొనవచ్చును. సోలారు పలక కొనుట యనగా రాబోవు ఇరువది యేండ్ల నూనెను ఒక్క దినమున కొనుట. నిత్యము పదిరూపాయలు ఇయ్యగలవాడైనను ఒక్కసారిగా వేలు తీయలేడు.

ఈ కష్టమును గుర్తించి బెంగుళూరులో 1995లో ఆరంభమైన సెల్కో సంస్థవారు గ్రామీణ బ్యాంకుల ద్వారా అప్పులిప్పించి దీపములను అమ్మిరి. బంగ్లాదేశమున 2003లో మొదలైన కార్యక్రమము వాయిదాల పద్ధతిని 40 లక్షలకు పైగా ఇండ్లకు దీపములను చేర్చినది. ఎండ అన్నిచోట్ల నొక్కటే. తేడా వచ్చినది చెల్లింపు పద్ధతిలోనే.

ఇక నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది బీహారులోని ధర్నాయి గ్రామ వృత్తాంతము. జెహానాబాదు జిల్లాలోని ఆ గ్రామము ముప్పది యేండ్లకు పైగా కరెంటు లేక చీకటిలో నుండెను. 2014 జూలైలో గ్రీన్‌పీస్ అను సంస్థ మరికొందరితో కలిసి అచ్చట 100 కిలోవాట్ల సౌరవిద్యుత్కేంద్రమును నెలకొల్పినది. దీపములు వెలిగెను. కాని ఎక్కువ కరెంటును లాగు పరికరములు వాడరాదనిరి. గ్రామస్థులు మాజీ ముఖ్యమంత్రిని చూచి అసలు కరెంటు కావలెనని కోరిరి. కొలదికాలములోనే స్తంభములును, తీగెలును వచ్చినవి. ఆ కరెంటు చవుక. కొన్ని యేండ్లలో బ్యాటరీలు పాడయ్యెను. కేంద్రము మూలబడి, ఆ చోట పశువులను కట్టసాగిరి.

ఆ గ్రామస్థులను కృతఘ్నులనుట న్యాయము కాదు. పట్టణవాసికి విసనకఱ్ఱ నుండి శీతలయంత్రము వరకు ఆడించు కరెంటును, పల్లెవానికి దీపము మట్టుకు వెలిగించు కరెంటును ఇచ్చినచో, ఆతడు దానిని తక్కువ పంక్తిలో వడ్డించిన భోజనముగా తలచును. ఇది మానమునకు సంబంధించిన యడ్డంకి. లెక్కలు వేయువారు దీనిని తరచు మరతురు.

కావున సూర్యశక్తి వలదని నా యభిప్రాయము కాదు. అది రావలెను, వచ్చుచునే యున్నది. అది వచ్చు దినమున పంచాయతీ తీర్మానముపై సంతకము చేయువారు పెద్దలు. సంతకమునకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుడని మనవి. పలక ఇరువదియేండ్లకు పైగా నిలుచును గాని బ్యాటరీ సామాన్యముగా అన్నాళ్లు నిలువదు. దానిని మార్చుటకు నెలనెలా నిధి కూడబెట్టువారెవరు? యంత్రము ఆగినచో బాగుచేయువాడు ఏ యూర నున్నాడు? ఇది దీపమునకే చాలునా, పిండిమరకును, పంపునకును చాలునా? రేపు ప్రభుత్వపు తీగె వచ్చినచో దీనిని దానితో కలుపవచ్చునా?

ఈ నాలుగింటికి వ్రాతమూలకముగా జవాబు పుచ్చుకొన్న గ్రామమున ఆ పలకలు నిలుచును. జవాబు లేక స్వీకరించిన చోట అవి మొదటి యేట వింతయు, అయిదవయేట పాత యినుమును అగును. చరిత్రనుండి నేను తీసిన సారమిది. దీనిని తమ రచ్చబండ కడ పరిశీలింపగోరుచు ఈ ప్రసంగమును ముగించుచున్నాను.