ప్రత్యక్షము – అనుమానము



సెలవులకు కోటవురట్ల వచ్చిన మా మనుమడు మొన్న తన ఫోనులో ఒక దృశ్యం చూపించాడు. మా అరుగు మీది ఇత్తడి చెంబు తనంతట తానే లేచి, నూతి గట్టు చుట్టూ తిరిగి, మళ్ళీ స్వస్థానానికి వచ్చి కూర్చున్నది. దారం కోసం వెదకాను. "చెంబు కదలనే లేదు తాతయ్యా! తీసిన తరువాత నేనే కదిపాను" అన్నాడు.

ఈ విద్య కొత్తది కాదు. ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు 1896లో ఒక గోడను పడగొట్టే దృశ్యం చిత్రించి, ఆ ఫిల్మునే వెనుకకు త్రిప్పి చూపగా కూలిన గోడ లేచి నిలిచింది. తరువాత ఆప్టికల్ ప్రింటర్ వచ్చింది. అది తీసిన ఫిల్మును ఒక్కొక్క ఫ్రేముగా మరొక ఫిల్ము మీదికి ఎక్కించే యంత్రం. ఒక్కొక్క ఫ్రేమును రెండేసి సార్లు ఎక్కిస్తే కదలిక మందగిస్తుంది. నడుమ నడుమ వదలివేస్తే వడి పెరుగుతుంది.

మన తెలుగువారికి కదలనివాటి కదలిక అనగానే 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' గుర్తుకు వస్తుంది. కె.వి.రెడ్డిగారి దర్శకత్వం, మార్కస్ బార్ట్లీగారి ఛాయాగ్రహణం. చిన్ననాడు నర్సీపట్నంలో చూచాను. ఘటోత్కచుడైన ఎస్.వి.రంగారావుగారి నోటిలోకి లడ్డూలు ఎగిరి వచ్చి పడుతుంటే హాలంతా చప్పట్లు. ఎవరమూ మోసపోలేదు. మాయ అని పేరులోనే చెప్పి చూపించారు గదా!

2012 జూలై 6న వచ్చిన 'ఈగ'లో కథానాయకుడైన ఈగ కెమెరా ముందు లేనే లేదు. సుదీప్‌గారు లేని ఈగకు భయపడి నటించగా, రాజమౌళిగారి కోసం మకుట సంస్థవారు తరువాత కంప్యూటర్లో దానిని ఎగురవేశారు. ఆ పనికి జాతీయ పురస్కారం వచ్చింది.

మా మనుమడు చేసినదీ ఆ కోవలోనిదే. చెంబు రూపాన్ని వేరుచేసి, బయలుదేరే చోటు, మలుపులు, చేరే చోటు గుర్తుపెట్టాడు. నడిమి దారిని యంత్రమే పూరించింది. కాని నీడను మరచాడు. చెంబు లేచినా నీడ అరుగు మీదనే ఉండిపోయింది!

అప్పుడు నాకు నిరుటి సంగతి ఒకటి మనసులో మెదిలింది. మా ఊళ్ళో రెండు మోటారు సైకిళ్ళు ఢీకొన్న దృశ్యం ఫోనుల్లో తిరిగింది. అది చూచి, వాటిలో ఒకటి నడిపిన నా పూర్వవిద్యార్థిని "అంత వేగమా!" అని నలుగురిలో మందలించాను. వాడు తల వంచుకొని వెళ్ళిపోయాడు. ఆ దృశ్యాన్ని ఇప్పుడు మనుమడి చేత మళ్ళీ వేయించి చూచాను. వెనుక బిందెలతో నడుస్తున్న ఆడవారు కూడా పరుగులు తీస్తున్నారు. నిండు బిందెతో అలా ఎవరు పరుగెత్తుతారు? ఎవరో వడి పెంచారు.

తర్కశాస్త్రంలో ప్రత్యక్షం తరువాతి ప్రమాణం అనుమానం. అంటే శంక కాదు, గుర్తును పట్టుకొని సత్యాన్ని ఊహించడం. ముప్పది ఏళ్ళు పాఠం చెప్పిన నేను మొదటిదాని దగ్గరే ఆగిపోయాను. ఆ సాయంత్రమే వాడింటికి వెళ్ళి, తప్పు నాదని చెప్పి వచ్చాను.