రైల్వే ఆటల్లో చారిత్రకత: ఇంజన్ల తేదీలా, డబ్బు నియమాలా?

సిడ్ మెయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన ‘రైల్‌రోడ్ టైకూన్’ 1990లో వెలువడింది. రైల్వే సిమ్యులేషన్ ఆటల గురించిన చర్చలో రెండు వాదాలు తరచూ ఎదురుపడతాయి. చరిత్రకు కట్టుబడితే ఆట బిగుసుకుపోతుందని ఒక పక్షం, ఆటగాడికి స్వేచ్ఛ ఇస్తే చరిత్ర చెదిరిపోతుందని మరో పక్షం. ఇద్దరూ చరిత్రను వెతికేది ఒకే చోట: ఏ ఇంజన్ ఏ ఏడు వచ్చింది, ఏ ఊరికి ఎప్పుడు లైను పడింది అనే పట్టికలో. ఆ పట్టిక ఎప్పుడూ సడలింపులతోనే నడిచింది. మొదటి ‘టైకూన్’లో రెండు నగరాల మధ్య ఒక రైలు నడవడానికి నెలలు పడుతుంది, అయినా ఆట కాలక్రమం మీద మన నమ్మకం చెడదు. ఈ ఆటల అసలు లోపం డబ్బు ఎటునుంచి వస్తుందో నిర్ణయించే నియమాల్లో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన.

‘టైకూన్’లో ఆటగాడు 10 లక్షల డాలర్ల మూలధనంతో బయల్దేరతాడు. పటం మీద ఊళ్లు, గనులు, సరుకులు ముందే ఉంటాయి. వాటిని పట్టాలతో కలిపి, సరుకు చేరవేసి, కిరాయి రాబట్టాలి. ఆట పటాల్లో ఒకటైన పశ్చిమ అమెరికాలో జరిగిన కథ దీనికి దాదాపు తలకిందులు. 1862 నాటి పసిఫిక్ రైల్వే చట్టం కింద కంపెనీలకు మైలుకింత చొప్పున ప్రభుత్వ బాండ్లు అప్పుగా అందేవి: మైదానంలో 16,000 డాలర్లు, ఎత్తైన పీఠభూమిలో 32,000, పర్వతాల్లో 48,000. వీటికి తోడు లైనుకు ఇరువైపులా భూములు. మైలుకు ధర కట్టిన చోట మైళ్లు పెరగడంలో వింతేముంది! శాక్రమెంటోకి కొద్ది మైళ్ల దూరంలో, చదును నేల మీదే సియెర్రా పర్వతాలు మొదలవుతాయన్న నిర్ధారణకు లింకన్ ప్రభుత్వం ఆమోదముద్ర వేసింది. యూటాలో సెంట్రల్ పసిఫిక్, యూనియన్ పసిఫిక్ కంపెనీల కూలీలు ఒకరినొకరు దాటిపోయి సమాంతరంగా కట్టలు పోసుకుంటూ వెళ్లారు. కలిసే చోటును 1869 ఏప్రిల్‌లో కాంగ్రెస్ నిర్ణయించాల్సి వచ్చింది. యూనియన్ పసిఫిక్ పెద్దలు క్రెడిట్ మొబిలియర్ అనే నిర్మాణ సంస్థ పెట్టి, తమ కంపెనీ పని తామే ఎక్కువ ధరకు చేయించుకున్నారు. లాభం రైలు కట్టడంలో ఉంది, నడపడం తర్వాతి మాట. 1893లో యూనియన్ పసిఫిక్ దివాలా తీసింది. ఆటలో ఈ పనులన్నీ మూర్ఖత్వం కిందికే వస్తాయి. చరిత్రలో అవి లెక్క తెలిసినవాళ్ల పనులు. మన దేశంలోనూ సరుకు మీద ఆధారపడని లాభం ఉండేది. 1849 ఒప్పందాలతో ఈస్ట్ ఇండియన్, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేల పెట్టుబడికి 5 శాతం రాబడి హామీ దక్కింది. బండి నిండినా నిండకపోయినా లండన్ వాటాదారుకు వడ్డీ ముట్టేది. లోటును భారతీయుల పన్నులు పూడ్చేవి.

ఇలాంటి నియమాలు పెడితే ఆట చప్పబడిపోతుందన్నది మొదటి ఆక్షేపణ. దీనికి జవాబు కంప్యూటర్‌కు బయటే ఉంది. ఫ్రాన్సిస్ ట్రెషామ్ రూపొందించిన బోర్డ్ గేమ్ ‘1830’ను అవలాన్ హిల్ 1986లో ప్రచురించింది. అందులో పటమంతా ఆరు పలకల గడులు, రైళ్లకు అంకెలే పేర్లు. కొత్త రకం రైలు అమ్ముడైతే పాత రైళ్లు ఒక్కసారిగా పనికిరాకుండా పోతాయి. వాస్తవంలో ఇంజన్లు అలా తుడిచిపెట్టుకుపోలేదు. వివరాల్లో ఇంత అశ్రద్ధ ఉన్న ఆటలో ఆటగాడు కంపెనీ ఖజానాను ఊడ్చి, షేర్లు అమ్మేసి, ఖాళీ డొల్లను పక్కవాడి నెత్తిన పెట్టి తప్పుకోవచ్చు. చరిత్రలోనూ ఇలాంటివాళ్లున్నారు: 1868లో అమెరికాలోని ఈరీ రైల్వే మీద పట్టు కోసం పెట్టుబడిదారు వాండర్‌బిల్ట్ షేర్లు కొంటూపోతుంటే, దాన్ని నడిపే గూల్డ్, ఫిస్క్, డ్రూ కొత్త షేర్లు అచ్చేస్తూపోయారు. ఆ మనుషుల బుద్ధిని ఏ ఇంజన్ బొమ్మకన్నా ఈ అట్ట మీది ఆటే బాగా పట్టుకుంది. ఇది చప్పగా ఉందని ఆడినవాళ్లెవరూ అనరు.

రెండో ఆక్షేపణ ఇంకాస్త గట్టిది: చరిత్ర నియమాలు పెడితే ఆటగాడు జరిగిందే మళ్లీ జరిపిస్తాడు కదా? పరిస్థితులను బిగించడం వేరు, ఫలితాన్ని బిగించడం వేరు. ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ ఫోగెల్ 1964 నాటి గ్రంథంలో 1890 అమెరికా నుంచి రైళ్లను తీసేసి, కాలువలతో, బండ్లతో లెక్క కట్టి, జాతీయోత్పత్తికి కలిగే నష్టం కొద్ది శాతమేనని తేల్చాడు. ఆయన అంచనాలతో విభేదించినవాళ్లు చాలామంది. కానీ ధరలు, దూరాలు, భూములు ఆ కాలానివే ఉంచి, జరగనిదాన్ని ఊహించడం పరిశోధన పద్ధతేనని ఆర్థిక చరిత్రకారులు ఒప్పుకున్నారు. ఆటగాడి స్వేచ్ఛకు కావలసింది అలాంటి నేలే.

శ్రామికుల సంగతి దగ్గర మాత్రం నా వాదన అంత తేలిగ్గా నడవదు. సెంట్రల్ పసిఫిక్ కూలీల్లో అత్యధికులు చైనీయులు. 1867 జూన్‌లో వాళ్లు సమ్మె చేస్తే కంపెనీ తిండి సరఫరా ఆపి లొంగదీసింది. ‘టైకూన్’లో డబ్బు కడితే పట్టాలు వాటంతటవే పడతాయి. ఈ లోటు తీర్చడానికి కూలీల ఆకలిని తెర మీద ఒక మీటగా పెడితే అది మరింత అన్యాయమని కొందరంటారు, అది నిజమే. అయినా సమ్మెను, ఆలస్యాన్ని, కూలి బేరాన్ని ఆటలోకి తేవడానికి ఆ మీట అవసరం లేదు. ‘టైకూన్’ ముందే పోటీ తీవ్రతను, ఆర్థిక వ్యవస్థ సంక్లిష్టతను, రైళ్లు ఢీకొనే ప్రమాదాన్ని ఆటగాడు ఎంచుకునే వాస్తవికత స్థాయిలుగా పెట్టింది. వాటి పక్కన మైలుకింత అని ప్రభుత్వ బాండ్లిచ్చే స్థాయి ఒక్కటి చేర్చితే చాలు. ఎవరూ పాఠం చెప్పకుండానే ఆటగాళ్లు తమ పట్టాలను వంకర తిప్పడం మొదలుపెడతారు.