బీసీజీ టీకా – మన మదనపల్లె పల్లెలు

ఎడమ భుజం మీద చిన్న మచ్చ మనలో శానామందికి ఉంటుంది. క్షయకు వేసే బీసీజీ టీకా మచ్చ అది. 1948లో ఆ టీకా మన దేశానికి వచ్చినప్పుడు తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఈ సంగతి మన పిల్లోళ్ళకు ఎవరూ చెప్పరు.

ఇక్కడే ఎందుకంటే ఆరోగ్యవరం శానిటోరియం ఉంది కాబట్టి. డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ 1915లో మొదలుపెట్టి నడిపిన ఆస్పత్రి అది. దేశంలో ఏటా 5 లక్షల మంది క్షయతో పోతున్నారని 1946లో భోర్ కమిటీ లెక్క కట్టింది. ఆస్పత్రుల్లో మంచాలేమో సుమారు 6 వేలు. మంచి మందులు పేదోళ్ళకు అందే కాలం కాదు. అందుకే డాక్టర్లు టీకానే నమ్ముకున్నారు. ఆరోగ్యవరంలో పనిచేసి, కేంద్రానికి టీబీ సలహాదారుగా పోయిన పి.వి. బెంజమిన్ దాన్ని గట్టిగా సమర్థించినారు.

తల్లిదండ్రుల వైపు నుంచి చూడండి. ముందు చేతికి ఒక సూది. మూడోనాడు వాపు ఉందా లేదా చూస్తారు. వాపు లేకుంటే టీకా. కొన్ని వారాలకు అక్కడ పుండు, చీము. జబ్బు లేని బిడ్డకు ఇదంతా ఎందుకని ఏ తల్లికైనా అనిపిస్తుంది. చదువుకున్నోళ్ళు కూడా అదే అడిగినారు. మద్రాసు ముఖ్యమంత్రిగా చేసి దిగిపోయిన రాజాజీ, ఆరోగ్యంగా ఉండే పిల్లల ఒంట్లోకి బతికున్న క్రిములు ఎక్కించడం తప్పని 1955లో పుస్తకమే వేసినారు. కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ మాత్రం టీకా ఆపలేదు.

అసలు జవాబు మన పల్లెల్లోనే తయారవుతా ఉండింది. మోలర్ కొడుకు యోహనెస్ 1950 నుంచి మదనపల్లె చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ఒకరికి టీకా వేసి, ఇంకొకరికి వేయకుండా వదిలి, ఎవరికి క్షయ వస్తుందో ఏండ్ల తరబడి చూసినారు. టమాటా తోటలో ఒక సాలుకు మందు కొట్టి, పక్క సాలు వదిలేసి చూస్తాం కదా, అట్లా. టీకా వేసింది 5 వేల మందికి, వేయనోళ్ళు ఇంకొంచెం ఎక్కువ. మొదట్లో బాగా కాపాడినట్టు కనిపించింది. కాలం గడిచేకొద్దీ తేలింది 31 శాతమే.

తర్వాత 1968లో తమిళనాడు చెంగల్పట్టులో సుమారు 2 లక్షల 60 వేల మందితో ఇంకా పెద్ద పరీక్ష మొదలుపెట్టినారు. పెద్దోళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా అక్కడ ఆపలేదు. రుజువు ఏదని రాజాజీ అడగడం సరైనదే అని నాకనిపిస్తుంది. ఆయన భయపడినంత కీడు మాత్రం జరగలేదు.

టీకా పనికిరాదనీ కాదు. చంటిబిడ్డల మెదడుకు పాకే క్షయను, ఒళ్ళంతా కమ్మే క్షయను అది బాగా అడ్డుకుంటుంది. అందుకే ఇప్పుడు పుట్టగానే వేస్తారు. ఆ చిన్న పుండు దానంతట అదే మానుతుంది, పసుపు, ఆకు పసరు ఏమీ పూయొద్దండి. పెద్దోళ్ళకు దగ్గు రెండు వారాలు దాటితే, మచ్చ ఉంది కదా అని ఊరుకోకుండా సర్కారు ఆస్పత్రిలో కళ్ళె పరీక్ష చేయించండి, డబ్బులు అడగరు.

80 దాటిన అవ్వాతాతలు మీ ఇండ్లలో ఉంటే, ఆరోగ్యవరం డాక్టర్లు ఊళ్ళోకొచ్చి సూదులేసిన రోజుల గురించి అడిగి ఇక్కడ రాయండి.